బేరంలో తీసేయించిన రాడ్డు

మా ఇంట్లో ఏం కొనాలన్నా నన్ను వెంట తీసుకెళ్ళేవారు. పెళ్ళిచీరలకి ఉప్పాడ వెళ్ళినా, గేదెని చూడటానికి సంతకి వెళ్ళినా, బేరం మాత్రం నాదే. "వాణ్ణి పంపండి, పులసని కూడా ఎండుచేపల రేటుకి పట్టుకొస్తాడు" అనేది మా మేనత్త. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుపడుతున్నట్టు తల వంచుకునేవాణ్ణి. నిజానికి ఇంకొకసారి అంటే బాగుండుననిపించేది. సామర్లకోటలో ఒక ఆఫీసులో గుమాస్తా పని నాది. అక్కడ నా మాటకి విలువ లేదు. అంగట్లో ఉండేది.

బేరానికి నాకో పద్ధతి ఉండేది. సరుకు ఎంత నచ్చినా మొహంలో కనపడనివ్వకూడదు. కొట్టువాడు చెప్పిన రేటుకి నవ్వాలి, కోపం తెచ్చుకోకూడదు. ఆఖర్న లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకోవాలి. ఒక చెప్పు గబుక్కున, రెండోది తీరుబాటుగా. ఆ రెండో చెప్పులో కాలు దూరేలోపు లోపల్నుంచి "ఉండండి, ఉండండి" అని పిలుపు వస్తుంది. నాకు తెలిసి ఎప్పుడూ వచ్చేది.

మా అన్నయ్యకి చెప్పులుండేవి కావు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. చంకకర్రల మీద ఇంట్లో తిరిగేవాడు. వీధిలోకి వెళ్ళాలంటే చేత్తో తొక్కే మూడు చక్రాల బండి. పెద్దాపురంలో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు వేసుకుని నంబరు ప్లేట్లు రాసేవాడు. అప్పటికింకా స్టిక్కర్లు రాలేదు. కొత్త స్కూటరు కొన్నవాళ్ళు, ట్రాక్టరు కొన్న రైతులు ఆయన దగ్గరికి వచ్చి నల్లరేకు మీద తెల్లరంగుతో అంకెలు రాయించుకునేవారు. ఎనిమిది అంకె రాసేటప్పుడు అన్నయ్య కుంచె ఎక్కడా ఎత్తేవాడు కాదు. మొదలెట్టిన చోటికే తిరిగొచ్చి ఆగేది. ఎక్కడ మొదలెట్టాడో, ఎక్కడ ముగించాడో కనిపెట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. బండి నంబర్లో ఎనిమిది వచ్చిందంటే ఆ బండివాడు ఆగి చూసుకుని వెళ్ళేవాడు.

షెడ్డుకి వెళ్ళేటప్పుడు దారి పల్లం. ఇబ్బంది లేదు. సాయంత్రం ఇంటికి తిరిగిరావాలంటే ఎత్తు ఎక్కాలి. రోజంతా రంగులతో పనిచేసిన చేతులకి ఆ ఎత్తు మీద బలం చాలేది కాదు. ఎవరో ఒకరు వెనక నుంచి తొయ్యాలి. బడి నుంచి వచ్చే పిల్లలో, సైకిలు మీద వెళ్తున్న తెలిసినవాళ్ళో. అందరూ మంచివాళ్ళే, తోసేవారు. అన్నయ్య వెనక్కి తిరిగి ప్రతిసారీ దణ్ణం పెట్టేవాడు.

తొంభైల చివర్లో ఒకాయన ప్లేటు రాయించుకోవడానికి ఒక బండి తెచ్చాడు. గేర్లు లేని స్కూటరు, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది, వెనక చక్రానికి అటూ ఇటూ రెండు చిన్న చక్రాలు బిగించి ఉన్నాయి. తెచ్చినాయనకీ అన్నయ్యలాగే కాళ్ళు పనిచెయ్యవు. అన్నయ్య ఆ ప్లేటు రాయడానికి మామూలు కంటే చాలాసేపు తీసుకున్నాడని వదిన తర్వాత చెప్పింది. ఆ ఆదివారమే నాకు కబురు పెట్టాడు.

"డబ్బు పోగేశాన్రా. ఇంకొంచెం ఉంటే చాలు. బేరం నువ్వు చెయ్యి. నేనొక్కటే అడుగుతాను, కొనేముందు నన్నొకసారి ఎక్కి చూడనివ్వు."

"ఎక్కడం ఎంతసేపు అన్నయ్యా, మేం ఎక్కించమూ?"

"అది కాదురా. ఎవరి చెయ్యీ తగలకుండా ఇంట్లోంచి బయల్దేరి, ఎవరి చెయ్యీ తగలకుండా మళ్ళీ ఇల్లు చేరాలి. ఒక్కణ్ణీ ఎక్కగలనో లేదో చూసుకోవాలి. అంతే."

అంతే అన్నాడు. అంతకు మించి ఆయన నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.

మొదట రాజమండ్రి వెళ్ళాం. బస్సు మెట్ల మీద ఆయన్ని నా వీపు మీద ఎక్కించుకున్నాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. గోళ్ళ సందుల్లో రంగు మరకలు పోవడానికి ముందురోజు కిరసనాయిలుతో రుద్దుకున్నాడని వాసన చెప్పింది. షోరూమ్‌లో టై కట్టుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చాడు. మా ఇద్దర్నీ చూసి, నన్నడిగాడు.

"బండి ఆయనకాండీ?"

"నాకేనండి" అన్నాడు అన్నయ్య.

"ఆయన లైసెన్సు తీసుకున్నారాండీ?" అని ఆ కుర్రాడు మళ్ళీ నన్నే అడిగాడు.

సైడు చక్రాల బండి అక్కడ సిద్ధంగా లేదు. ఆర్డరిస్తే బిగించి ఇస్తామని ఒక ఫోటో చూపించారు. అన్నయ్య ఆ ఫోటో చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"ఎక్కేటప్పుడు పట్టుకోడానికి ఏదైనా ఉంటుందాండీ?"

"సీటు పక్కన రాడ్డు వేస్తామండి. ఇదిగోండి, ఫోటోలో కనపడుతుంది చూడండి. దీన్ని పట్టుకుని లేచి కూర్చోవచ్చు. కర్రలు పెట్టుకోడానికి వెనక స్టాండు కూడా ఉంటుంది."

"గట్టిగా ఉంటుందా బాబూ? నా బరువంతా దాని మీదే పడుతుంది మరి."

"లారీ కట్టి లాగినా ఊడదండి."

అన్నయ్య మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ రాడ్డు గురించి ఆయనడిగిన ప్రతి మాటా నేను విన్నాను. కాని బేరగాడి చెవితో విన్నాను. కొనేవాడి ఆశ బయటపడిపోయింది, ఇక రేటు దిగదు, అదొక్కటే నాకు వినపడింది. అనుకున్నట్టే దిగలేదు. నేను గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకున్నాను. రెండో చెప్పు కూడా వేసుకున్నాను. ఎవరూ పిలవలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆ కుర్రాడు అన్నయ్యకి కర్రలు అందిస్తున్నాడు.

బస్టాండులో ఆయన మీద విసుక్కున్నాను. "పెళ్ళికూతుర్ని చూసిన పెళ్ళికొడుకులా అలా మొహం పెడితే వాడెందుకు తగ్గిస్తాడు?"

"నేను బేరానికి పనికిరాన్రా. లేచిపోతామని బెదిరించాలంటే ముందు లేవాలి కదా" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. చెప్పులు వేసుకున్నా పిలవని కొట్టు అదే మొదటిది. ఆ చిన్నతనం నన్ను దారంతా కొరికింది. పక్క సీట్లో కూర్చున్న మనిషి అంత ఆశపడి, బండి ముట్టుకోకుండా ఇంటికి వస్తున్నాడన్న సంగతి నా తలకెక్కలేదు.

తర్వాత కొన్నాళ్ళకి కాకినాడలో ఒక డీలరు దగ్గర అలాంటి బండి తయారుగా ఉందని తెలిసింది. ఎవరో చెప్పి చేయించుకుని, మనసు మార్చుకున్నారట. ఆషాఢం నడుస్తోంది. పెద్దాపురం అంతా మరిడమ్మ జాతర హడావిడిలో ఉంది.

"శ్రావణం రానివ్వకూడదా? ఆషాఢంలో బండేంటయ్యా?" అంది వదిన.

"ఆషాఢంలో ఎవరూ కొనరు కాబట్టే తగ్గిస్తారు వదినా. ఈ రోజుల్లో కూడా ఇవన్నీ ఏంటి?" అన్నాను.

అలా అన్నవాణ్ణే, ఆ మర్నాడు పొద్దున్నే షోరూమ్ తెరిచే వేళకి వెళ్ళాలని పట్టుబట్టాను. బోణీ బేరం కొట్టువాడు వదులుకోడు. మొదటి మనిషి ఉత్తచేతుల్తో వెళ్తే రోజంతా అలాగే ఉంటుందని భయం. అది నాకు పనికొచ్చే నమ్మకం కనక నమ్మాను. నాకు లాభం లేని నమ్మకాలు మూఢనమ్మకాలు, లాభం ఉన్నవి లోకజ్ఞానం. అలా బతికాను చాలాకాలం.

మేం వెళ్ళేసరికి ఇంకా షట్టరు తియ్యలేదు. ఎదురుగా రోడ్డుకి అవతల టీకొట్టు ఉంది. అన్నయ్యని అక్కడ బల్ల మీద కూర్చోబెట్టాను.

"నువ్విక్కడుండు. రేటు తేల్చి పిలుస్తాను."

"ఎక్కి చూడాలిరా."

"చూద్దువుగాని. ముందు రేటు తేలనీ. నీ మొహం చూస్తే మళ్ళీ పెంచేస్తాడు."

ఆయన తలూపాడు. నేను చెప్పిన కారణం అబద్ధం కాదు, కాని అసలు కారణం అది కాదు. పొద్దున్నే మొదటి బేరానికి కుంటివాడు గుమ్మంలో అడుగుపెడితే షావుకారు మొహం చిట్లించుకుంటాడని నా భయం. బోణీ చెడిందనుకుంటే రేటు దిగదు. ఆ మాట నోటితో అనలేదు. అననక్కర్లేదు కూడా. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ శుభకార్యాల్లో ఎక్కడ కూర్చోకూడదో చూసి నేర్చుకున్న మనిషి ఆయన. నా మొహం చూసే తెలుసుకుని ఉంటాడు. "సరే, పోయిరా. టీ చెప్పు నాకు" అన్నాడు.

షోరూమ్ యజమాని పెద్దాయన. దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి వచ్చి కూర్చున్నాడు. బండి ఒక మూల నిలబెట్టి ఉంది. ముదురు నీలం రంగు. సీటు పక్కన వంచిన రాడ్డు నల్లగా మెరుస్తోంది. నచ్చింది. నచ్చనట్టు మొహం పెట్టాను.

"బోణీ బేరమండి. మాట చూసి చెప్పండి."

"బోణీ కాబట్టే నిజం రేటు చెప్పానండి. ఆషాఢంలో అబద్ధాలాడి ఏం మూటగట్టుకుంటాం?"

"ఆషాఢంలో బండి కొనడానికొచ్చినవాడు మీకు దేవుడితో సమానం కదండీ."

"దేవుడు రేటడగడు కదండీ" అన్నాడాయన నవ్వుతూ.

"ఒకళ్ళు వద్దని వదిలేసిన బండి. సైడు చక్రాల బండి మామూలోడెవడూ కొనడు. నేను కాదంటే ఇది మీ మూలనే ముసలిదైపోతుంది."

"అదీ నిజమేననుకోండి." ఆయన గడ్డం గీరుకున్నాడు. "ముందు నడిపి చూడండి. నచ్చాకే మాట్లాడుకుందాం."

మెకానిక్ వెనక కూర్చున్నాడు. నేను ఎక్కి బటన్ నొక్కాను. రాడ్డు పట్టుకోవలసిన అవసరం నాకు రాలేదు. కాలు అటు వేశాను, కూర్చున్నాను. రోడ్డు మీదికి తీసి, కొంతదూరం వెళ్ళి, తిప్పుకుని వచ్చాను. టీకొట్టు ముందు నుంచి వెళ్తూ అన్నయ్య వైపు చెయ్యి ఊపాను. ఆయన చేతిలో టీగ్లాసు ఉంది. ఆ గ్లాసునే కాస్త పైకెత్తాడు.

ఎక్కి చూడాలని ఒకే ఒక్క కోరిక కోరిన మనిషి ముందు నుంచి, ఆయన బండి మీద, రెండు మంచి కాళ్ళతో నేను ఊరేగాను. పైగా చెయ్యి ఊపాను. అప్పుడు మాత్రం నా బుర్రలో ఒకటే లెక్క. ఇంకెంత దించొచ్చు?

చాలా దించాను. చెప్పులు వేసుకున్నాను, పిలిచాడు. మళ్ళీ వేసుకున్నాను, మళ్ళీ పిలిచాడు. ఇక దిగనని ఆయన చేతులు కట్టుకున్నాడు. నేను బండి చుట్టూ తిరిగి చూశాను.

"ఈ రాడ్డూ స్టాండూ కంపెనీవేనా?"

"కాదండి. మేం విడిగా చేయించి బిగించాం. వాటి ఖర్చు కూడా కలిపే రేటు చెప్పాను."

"అయితే అవి తీసేయండి. అప్పుడెంత?"

ఆయన నా వైపు అదోలా చూశాడు. "తీసెయ్యమంటారా? నడిపేవారికి అక్కర్లేదా అండి?"

"ఎక్కించడానికి మేమంతా ఉన్నాం కదండీ."

ఈ మాట నేను గొప్పగా అన్నాను. తమ్ముడంటే ఇలా ఉండాలి అన్నట్టు అన్నాను. ఆయన మెకానిక్‌ని పిలిచాడు. బోల్టులు విప్పుతుంటే నేను డబ్బు తీసి బల్ల మీద పెట్టాను. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఇంత తక్కువకి బండి కొనలేదని ఆ క్షణంలోనే వాక్యం తయారు చేసుకున్నాను.

తర్వాత వెళ్ళి అన్నయ్యని తీసుకొచ్చాను. కర్రల మీద ఆయన రోడ్డు దాటి లోపలికి రావడం చూసి యజమాని లేచి నిలబడ్డాడు.

"ఈయన ఇందాకట్నుంచీ అక్కడే ఉన్నారాండీ?"

"అవునండి. ఊరికే... ఎండలో తిరగడం ఎందుకని."

"అయ్యో, కొనేది ఆయనైతే బోణీ ఆయన చేత్తో చేయించాల్సిందండి. మా పెద్దమ్మాయిదీ ఇదే జబ్బు. రోజూ పొద్దున్న షాపు తాళాలు అదే నా చేతికిస్తుంది. అది ఇవ్వకపోతే నేను గుమ్మం దిగను."

ఆయన మొహం చిట్లిస్తాడని భయపడ్డాను. ఆ చిట్లింపు ఆయన మొహంలో లేదు. పొద్దుట్నుంచీ అది నాలోనే ఉంది. అది అన్నయ్యకి కూడా అర్థమైందని నాకు తెలుసు, ఎందుకంటే ఆయన ఆ మాట విననట్టు బండి వైపు తిరిగిపోయాడు.

బండి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. హాండిల్ ముట్టుకున్నాడు. సీటు పక్కకి వచ్చి ఆగాడు. రాడ్డు తీసేసిన చోట రేకుకి కన్నాలున్నాయి, వాటి చుట్టూ రంగు గుండ్రంగా లేచిపోయింది. ఆ కన్నం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడేదో ఉండాలి కదండీ?"

యజమాని నా వైపు చూశాడు.

"అది వేరే రేటు అన్నయ్యా. అక్కర్లేదులే. చాలా తగ్గించారు."

"ఊఁ" అన్నాడు. అంతే. మెకానిక్కూ నేనూ చెరో చంక పట్టుకుని ఆయన్ని ఎక్కించాం. బటన్ నొక్కగానే ఇంజను పలికింది. అప్పుడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు. నడపడం ఇంకా నేర్చుకోలేదు కనక ఇంటికి నేనే నడిపాను. కొత్త బండి మీద దాని సొంతదారుడు వెనక సీట్లో, కర్రలు ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు.

వదిన దిష్టి తీసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఇరుగుపొరుగు చేరారు. నేను బేరం కథ చెప్పాను. నేను మర్చిపోయిన చోట అన్నయ్యే అందుకున్నాడు. "టీకొట్టాయనతో నేను అంటూనే ఉన్నాను, ఇప్పుడు లేస్తాడు చూడండి మా తమ్ముడు, ఇదిగో చెప్పులేసుకుంటాడు చూడండి అని. ఆయన సినిమా చూసినట్టు చూశాడు" అని అందర్నీ నవ్వించాడు. నన్ను మెచ్చుకోవడంలో ఆయనే ముందున్నాడు. ఆ రోజు రాడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు.

బండి నడపడం తొందరగానే నేర్చుకున్నాడు. ఎత్తు ఎక్కడం ఇప్పుడు సమస్య కాదు. కాని పొద్దున్న వదిన ఎత్తి కూర్చోబెట్టాలి. షెడ్డు దగ్గర ఎవరో ఒకరు దించాలి, సాయంత్రం ఎవరో ఒకరు ఎక్కించాలి. ఇదివరకు నేల మీద నుంచి పాత బండిలోకి పాక్కుంటూ తనే ఎక్కేవాడు, వెనక నుంచి తోస్తే చాలేది. ఇప్పుడు మనిషిని మనిషి కావలించుకుని ఎత్తాలి. అందుకని షెడ్డుకి వెళ్ళాక దిగడం మానేశాడు. బండి మీదే కూర్చుని, ముందు వైపు ఒక చెక్క అడ్డం పెట్టుకుని ప్లేట్లు రాసేవాడు. అన్నం అక్కడే. మంచినీళ్ళు తక్కువ తాగడం మొదలెట్టాడని వదిన చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఎందుకో నేను విడమరచి రాయనక్కర్లేదు.

నేనొకసారి అటు వెళ్ళి, "సింహాసనం దిగడం లేదేంటి అన్నయ్యా?" అని హాస్యమాడాను.

"దిగితే రాజ్యం పోతుందిరా" అన్నాడు. కుంచె కడుక్కుంటూ, "కాకినాడ వెళ్ళినప్పుడు ఆ షోరూమ్‌లో రాడ్డు ఉందేమో అడుగుతావా? ఇక్కడ వెల్డింగాయన్ని అడిగాను. ఈ రేకు ఆగదట, వాళ్ళ క్లాంపులే కావాలట" అన్నాడు.

అలాగే అన్నాను. కాకినాడ వెళ్ళాను కూడా. ఆఫీసు పని మీద వెళ్ళాను, పెళ్ళికి వెళ్ళాను, ఊరికే వెళ్ళాను. ఆ రోడ్డున నడిచాను. షోరూమ్ గుమ్మం ఎక్కలేదు. ఇంటికొచ్చి మర్చిపోయానని చెప్పాను. మర్చిపోలేదు. ఎక్కితే ఆ పెద్దాయన ఎదుట నిలబడి, నేను తీసేయించినదాన్ని నేనే అడగాలి. తగ్గించుకున్నదంతా తిరిగి బల్ల మీద పెట్టాలి. నేను నెగ్గిన బేరాల్లో అది పెద్దది. దాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు. మనిషి ఎంత చిన్న గెలుపుని పట్టుకుని ఎంత పెద్దదాన్ని వదిలేస్తాడో!

వానాకాలం సాయంత్రం ఒకటి. ఆ రోజు ఏదో పెద్ద బోర్డు రాయాల్సి వచ్చి, అది తెచ్చినవాళ్ళు దించితే షెడ్డులో నేల మీదికి దిగాడు. పని అయ్యేసరికి వాన పట్టుకుంది. రోడ్డు మీద మనిషి లేడు. ఎవరైనా వస్తారని చూసి, చూసి, చివరికి బండి అద్దం రాడ్డు పట్టుకుని పైకి లేవబోయాడు. అద్దం రాడ్డు మనిషి బరువు మొయ్యడానికి చేసింది కాదు. గిర్రున తిరిగింది. కుడిచెయ్యి కింద పెట్టుకుని పడ్డాడు.

మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, అతుక్కుంది. అతుక్కుంది గాని కాస్త ఒరిగి అతుక్కుంది.

ఆయన పడిన మర్నాడే నేను కాకినాడ వెళ్ళాను. యజమాని నన్ను గుర్తుపట్టాడు. ఏం జరిగిందో చెబితే లోపలికి వెళ్ళి, సరుకుల గదిలోంచి కాగితం చుట్టిన రాడ్డూ, కర్రల స్టాండూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. రేటు చెప్పాడు. ఇచ్చాను. ఆయన చిల్లర వెతుకుతుంటే వద్దని వచ్చేశాను. చెప్పులు ఎలా వేసుకున్నానో నాకు తెలియదు.

రాడ్డు బిగించాక అన్నయ్య ఎడమచేత్తో పట్టుకుని ఎక్కడం నేర్చుకున్నాడు. ఒకరోజు సాయంత్రం సామర్లకోటలో మా ఇంటి ముందు హారన్ వినపడింది. పరుగెత్తుకెళ్ళాను. చెయ్యి అందించబోతే, "ఉండు. రాకు" అన్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన రాడ్డు పట్టుకుని, ఒళ్ళంతా ఆ చేతి మీద వేలాడేసి, మెల్లగా కిందికి దిగాడు. కర్రలు స్టాండులోంచి తీసుకున్నాడు. ఎవరి చెయ్యీ తగలకుండా మా ఇంటికి ఆయన రావడం అదే మొదలు. కాఫీ తాగాడు, పిల్లల చదువులడిగాడు, మళ్ళీ తనే ఎక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపాడు. కాకినాడ రోడ్డు మీద నేను ఊపిన చెయ్యి ఆయనకి గుర్తుండి ఊపాడో, మామూలుగానే ఊపాడో. మామూలుగానే అయ్యుంటుంది. ఆయన అలాంటివి మనసులో దాచుకునే మనిషి కాదు. అదే నాకు కష్టంగా ఉంది. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది.

ఎనిమిది మాత్రం మళ్ళీ రాలేదు. కుంచె నడుము దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది. అతుకు కనపడేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. కాకపోతే ఎనిమిదున్న నంబర్లవాళ్ళు రావడం తగ్గింది. కొన్నాళ్ళకి రేడియం స్టిక్కర్లు వచ్చాయి. అంకెల్ని కత్తిరించి అతికించేస్తున్నారు. షెడ్డు మూతపడింది. "స్టిక్కర్లొచ్చి అన్నయ్య పని పోయింది" అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. స్టిక్కర్లు అందరి పనీ పోగొట్టాయి. కాని వాటికంటే ముందు ఆయన చేతిలోంచి పోయినదానికి స్టిక్కర్లతో సంబంధం లేదు.

అన్నయ్య రెండువేల సంవత్సరం దాటాక, ఆ దశాబ్దంలోనే పోయాడు. గుండెజబ్బు. బండి వదిన వాళ్ళింటి ముందు గోనెపట్టా కప్పుకుని ఉండిపోయింది. అది చూసినప్పుడల్లా ఏడుస్తున్నానని, అమ్మేయమని వదిన నాతో చెప్పింది. "నువ్వే చూడు. బేరం నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అంది. ఆమె మామూలుగానే అంది.

తుని వైపు నుంచి ఒకతను వచ్చాడు. చురుకైనవాడు. గోనెపట్టా తీయగానే పెదవి విరిచాడు. టైర్లు తట్టాడు, సీటు చిరుగు చూపించాడు, ఇంజను చప్పుడు విని తల అడ్డంగా ఊపాడు. బండి నచ్చిందని నాకు వెంటనే తెలిసిపోయింది.

"బండి ఎవరికండీ?" అన్నాను.

"మా అన్నయ్యకండి. వీధి చివర ఆటోలో ఉన్నాడు. ఆయనకేం తెలియదులెండి, నేనే చూస్తాను." రాడ్డు మీద వేలితో గీకాడు. "ఇదిగోండి, ఇది తుప్పు పట్టింది. దీనికి వేరే తగ్గించాలి. అక్కర్లేదనుకోండి, మీరే తీసేసుకుని ఆ మేరకి..."

నేను వీధి చివరికి నడిచాను. ఆటోలో మా అన్నయ్య వయసువాడే, కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరొచ్చి ఒకసారి ఎక్కి చూడండి" అన్నాను.

"తమ్ముడు చూశాడుగా అండి. అవన్నీ వాడే చూసుకుంటాడు."

"వాడికి తెలియదండి. మీరెక్కాలి."

ఆయన మొహమాటపడ్డాడు. బలవంతం చేస్తున్నానేమో అనిపించింది. అయినా ఆటోని బండి దాకా రమ్మన్నాను. తమ్ముడు పరుగెత్తుకొచ్చి ఆయన చంకల్లో చెయ్యి వెయ్యబోయాడు. నేను అతని భుజం పట్టుకుని ఆపాను. ఏంటన్నట్టు చూశాడు.

ఆయన కర్రలు ఒక పక్కకి ఆనించి రాడ్డు వైపు చెయ్యి చాచాడు. దాని నల్లరంగు మీద అక్కడక్కడా తుప్పు లేచింది గాని ఒక్కచోట, పిడికిలంత మేర, అరిగిపోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. తుప్పు అక్కడ పట్టలేదు. ఆయన చెయ్యి వెతుక్కోకుండా సరిగ్గా అక్కడే పడింది. ఒక ఊపు తీసుకుని లేచి కూర్చున్నాడు. కూర్చున్నాక కాసేపు ఎవరి వైపూ చూడలేదు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

ఆయన తమ్ముడి మొహం వైపు చూశాడు. తమ్ముడు కనుబొమ్మలు ముడిచాడు, నచ్చిందని చెప్పొద్దని. ఆయనకి అర్థమైంది. "పర్లేదండి" అన్నాడు నెమ్మదిగా, చెయ్యి రాడ్డు మీంచి తియ్యకుండానే.

ఆ తమ్ముడు చెప్పిన రేటుకే ఇచ్చేశాను. రాడ్డు తీయకుండా బండితోనే ఉంచాలన్నది ఒక్కటే నా షరతు. అతను బాగా తగ్గించానన్న సంతోషంలో నాకు దణ్ణం పెట్టాడు. ఇంటికెళ్ళి ఏం చెబుతాడో నాకు తెలుసు. అతని అన్నయ్య బండి స్టార్ట్ చేసుకున్నాడు. తమ్ముడు ఆటో ఎక్కి ముందు వెళ్ళాడు, ఆయన వెనక నెమ్మదిగా వెళ్ళాడు. వెనక ప్లేటు మీద మా అన్నయ్య రాసుకున్న అంకెలు మలుపు తిరిగేదాకా కనపడ్డాయి. అందులో ఎనిమిది ఉంది. చెయ్యి విరగక ముందు రాసింది.